పెదనాన్నగారు కట్టిన త్రీ-వే స్పీకర్లు: ఏది ఉంచాలి, ఏది మార్చాలి

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. మీ పెదనాన్నగారు 1970ల చివర్లో సొంతంగా కట్టుకున్న త్రీ-వే స్పీకర్ల జత ఇప్పుడు మీ చేతికొచ్చింది. మూసిన బాక్సులు, ఒక్కొక్కటి సుమారు 50 లీటర్లు, చిప్‌బోర్డు మీద వెనీర్. లోపల కెఫ్ కంపెనీ వారి మూడు డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే భాగాలు: కింది శబ్దాలకు బి139 ఊఫర్, మధ్య శబ్దాలకు బి110 మిడ్‌రేంజ్, పై శబ్దాలకు టి27 ట్వీటర్. ఎడమ బాక్సులో ట్వీటర్ దాదాపుగా పలకడం లేదు. కుడి బాక్సులో బాస్ బొంగురుగా ఉంది. గొంతులు మాత్రం రెండింట్లోనూ ముందుకు పొడుచుకొచ్చి చెవికి గుచ్చుకుంటున్నాయి. కెపాసిటర్లన్నీ ఖరీదైనవి వేయాలా, డ్రైవర్లే మార్చెయ్యాలా, లేక పెట్టెలు ఉంచి లోపలంతా కొత్తగా కట్టాలా అని అడిగారు.

నా సమాధానం: డ్రైవర్లు ఉంచండి, పెట్టెలు ఉంచండి, అనుమానమంతా క్రాసోవర్ (ఏ శబ్దం ఏ డ్రైవర్‌కి వెళ్ళాలో విడగొట్టే సర్క్యూట్) మీద పెట్టుకోండి. కాకపోతే దాని జోలికి చివర్లో వెళ్ళాలి. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కంపెనీ కట్టిన పాత స్పీకర్ అయితే బాగుచేయడం అంటే దాన్ని మొదటి స్థితికి తేవడమే. దాని క్రాసోవర్‌ని ఎవరో ఇంజినీరు కొలతలు చూసుకుంటూ తేల్చి ఉంటాడు, మనం వేలు పెట్టకపోవడమే మేలు. ఇంట్లో కట్టిన దాని సంగతి వేరు. ఆ రోజుల్లో ఇంట్లో స్పీకర్లు కట్టినవారికి వడ్రంగం వచ్చు, టంకం వేయడం వచ్చు, మంచి డ్రైవర్లు ఏవో తెలుసు. తెలుసుకునే దారి లేనిదల్లా తాము కట్టింది నిజంగా ఏం చేస్తోందో. క్యాలిబ్రేట్ చేసిన మైకు, ప్రతిధ్వని లేని గది, గ్రాఫు గీసే యంత్రం పెద్ద సంస్థల దగ్గరే ఉండేవి. కాబట్టి పత్రికలో వచ్చిన ఫార్ములానో, డ్రైవర్‌తో వచ్చిన కాగితాన్నో నమ్మి కట్టేవారు. మీ బాక్సుల్లో ఊహ మీద నడిచిన భాగం ఏదన్నా ఉంటే అది క్రాసోవరే.

దీనికి మీ డ్రైవర్లే మంచి ఉదాహరణ. బీబీసీ ఇంజినీర్లు 1970ల మొదట్లో తయారుచేసిన చిన్న మానిటర్ ఎల్‌ఎస్3/5ఏ లో ఉన్నవి ఇవే బి110, టి27. హాబీ మనిషి కొనుక్కున్నదీ ఈ రెండే. వాళ్ళ క్రాసోవర్ చూస్తే మాత్రం బోర్డు నిండా భాగాలే: బి110లో 1 కిలోహెర్ట్జ్ పైచిలుకు దగ్గర లేచే గుబ్బను అణచడానికి ఒక సర్క్యూట్, ట్వీటర్ లెవెల్‌ని చిన్న మెట్లలో సరిచేయడానికి ట్యాపులున్న కాయిల్. ఆ గుబ్బ ఎక్కడుందో, ఎంత ఎత్తుందో కొలిచారు కాబట్టే అణచగలిగారు. ఫార్ములాతో కట్టిన క్రాసోవర్‌కి ఆ గుబ్బ ఉందనే తెలియదు. మీరు చెప్పిన "గుచ్చుకునే గొంతులు" సగం అక్కడినుంచే వస్తున్నాయని నా అంచనా. మిగతా సగం సంగతి తర్వాత చెప్తాను.

ఇక పని. మొదటి విడతలో ఏదీ మెరుగుపరచాలని చూడకండి, ఉన్నది ఉన్నట్టు పనిచేయించండి. పాడైన స్పీకర్‌ని కొలిస్తే వచ్చేది పాడైనదాని గ్రాఫే. దాన్ని ఆధారం చేసుకుని కొత్త క్రాసోవర్ గీస్తే అంతా వృథా.

డ్రైవర్లు విప్పేముందు ఏ తీగ ఎక్కడికి వెళ్తోందో ఫోటోలు తీసుకోండి, తీగలకు చీటీలు కట్టండి. మల్టీమీటర్‌తో ఒక్కో డ్రైవర్ డీసీ రెసిస్టెన్స్ చూడండి. 8 ఓమ్ డ్రైవర్‌కి సాధారణంగా 5.5 నుంచి 7 ఓమ్‌ల మధ్య వస్తుంది. ఎడమ, కుడి డ్రైవర్ల మధ్య తేడా కొద్దిపాటిదే ఉండాలి. ఎడమ ట్వీటర్ దగ్గర అంకె బాగానే వస్తే, పాపం ట్వీటర్‌ది కాదు. దారిలో ఎక్కడో కనెక్షన్ ఆక్సైడ్ పట్టి ఉంటుంది. పలకని పాత ట్వీటర్లలో చాలావాటి రోగం ఇదే: నొక్కుడు క్లిప్పులు, వదులైన కనెక్టర్లు, సరిగా కరిగి పట్టని టంకం, వీటన్నిటికీ మించి లెవెల్ సరిచేసుకోవడానికి వెనక పెట్టిన తిప్పుడు కంట్రోల్. తీగ చుట్టిన ఆ పొటెన్షియోమీటర్ లోపల తుప్పు పట్టి ఒకచోట కరెంటు పోనిస్తుంది, ఒకచోట పోనివ్వదు. మీ బాక్సుకు అది ఉంటే ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పి చూడండి. ట్వీటర్ పలికితే దోషి దొరికినట్టే. శుభ్రం చేస్తే కొన్నాళ్ళు పనిచేస్తుంది గానీ, శాశ్వతంగా తీసేసి దాని స్థానంలో మామూలు రెసిస్టర్లు పెట్టడమే నా పద్ధతి.

రెసిస్టెన్స్ అసలు రాకపోతే, అంటే ఓపెన్ అని చూపిస్తే, వాయిస్ కాయిల్ (డోమ్‌నో కోన్‌నో కదిలించే తీగచుట్ట) కాలిపోయిందని వెంటనే తేల్చుకోకండి. కాయిల్ నుంచి టెర్మినల్‌కి వచ్చే సన్నటి తీగ అక్కడే తెగి ఉండొచ్చు. భూతద్దం పెట్టి చూడండి. టెర్మినల్ దగ్గర తెగితే ఓపికున్నవారు టంకం వేయగలరు. టి27 డోమ్ 19 మిల్లీమీటర్ల పలచటి పాలిస్టర్ ఫిల్మ్, దాన్ని వేలితో తాకొద్దు. నొక్కుపడితే బయటికి లాగడానికి టేపు అంటించే చిట్కాలు చలామణిలో ఉన్నాయి, కానీ వయసు మీదపడ్డ డోమ్ చిరగడానికీ అదే దగ్గరి దారి.

ఊఫర్ బొంగురు. బి139 ముఖం చదునుగా, కోలగా ఉంటుంది, కోన్ ఆకారంలో ఉండదు. నురుగు పాలీస్టైరీన్ పలక అది. రెండు అరచేతులూ రెండు చివర్ల దగ్గర ఆనించి, సమానంగా, నెమ్మదిగా లోపలికి నొక్కండి. గరగరమని రాపిడి వినిపిస్తే వాయిస్ కాయిల్ మధ్యలో లేదు. బరువైన డయాఫ్రం దశాబ్దాలు ఒకే భంగిమలో నిలబడి ఉంటే దాన్ని వెనక నుంచి పట్టి ఉంచే స్పైడర్ అనే సాగే ఆధారం కొద్దిగా కిందికి జారుతుంది. మందు చిన్నదే: డ్రైవర్‌ని తలకిందులుగా, అంటే 180 డిగ్రీలు తిప్పి బిగించి కొన్ని వారాలు వాడండి. కోలగా ఉన్నా తలకిందులుగా అదే రంధ్రంలో పడుతుంది. రాపిడి లేకుండా బొంగురు మాత్రమే ఉంటే వెతకాల్సింది డ్రైవర్‌లో కాదు, వదులైన స్క్రూలు, పెట్టెలో కొట్టుకుంటున్న తీగ, ఊడిన క్రాసోవర్ కాయిల్, వెనక పలక అతుకు. ఏదైనా సిగ్నల్ జనరేటర్ యాప్ నుంచి 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా జరిగే టోన్ పంపించి, ఎక్కడ గిలకొడుతోందో ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఆపి, ఒక్కోచోటా చేత్తో అదిమి చూడండి. శబ్దం ఆగినచోటే జబ్బు.

ఒక విషయంలో మీరు అదృష్టవంతులు. మీ డ్రైవర్ల అంచులు ఫోమ్ కాదు, రబ్బరు జాతివి. గుడ్డ తడిపి తుడవడం తప్ప వాటికేమీ చేయకండి. మెరుపు కోసం కార్ల టైర్లకు పూసే ద్రవాలు అస్సలు వద్దు. ఇదే సమాధానం చదువుతున్న మిగతావారిలో ఫోమ్ అంచులున్నవారు ఉంటే, వాళ్ళకో మాట. గాలిలో తేమకు ఆ ఫోమ్ పదిహేను ఇరవై ఏళ్ళలో పొడిపొడి అయిపోతుంది, వాడినా వాడకపోయినా. కొత్త అంచు అతికించడం కష్టం కాదు. కష్టమల్లా పాత జిగురు పూర్తిగా గీకడం, సరైన కొలత తెప్పించుకోవడం. కోన్ వైపు వ్యాసం, ఫ్రేము వైపు వ్యాసం, మధ్య ఉబ్బు వెడల్పు, మూడూ సరిపోవాలి. జిగురు ఆరేలోపు 30 హెర్ట్జ్ టోన్ చిన్నగా పెట్టి, రాపిడి లేని చోటికి కోన్‌ని జరుపుకోవాలి. ఫోమ్‌కి బదులు రబ్బరు అంచు వేస్తే ఎక్కువకాలం మన్నుతుంది నిజమే, కానీ అది బరువు, బిగువు. డ్రైవర్ రెజొనెన్స్, అంటే అది సహజంగా కంపించే ఫ్రీక్వెన్సీ, మారిపోతుంది. మొదట ఏది ఉంటే అదే వేయండి.

ఫెర్రోఫ్లూయిడ్ (వాయిస్ కాయిల్ సందులో నింపే అయస్కాంత ద్రవం) ఉన్న ట్వీటర్లలో ఇంకో తంటా. ఆ ద్రవం ఏళ్ళ తరబడి చిక్కబడి జిగురులా మారుతుంది, పై శబ్దాలు మందగిస్తాయి. విప్పడానికి వీలైన ట్వీటర్ అయితే పాతదాన్ని కాగితంతో అద్ది తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో సందు శుభ్రం చేసి కొత్తది వేయొచ్చు. జత మొత్తానికీ ఒకేసారి చేయాలి.

పెట్టె సంగతికొద్దాం. మూసిన బాక్సుకు గాలి కారకపోవడమే ప్రాణం. నలభై ఏళ్ళనాటి గాస్కెట్లు గట్టిపడి ఉంటాయి. పాతవి గీకేసి, గాలి దూరని క్లోజ్డ్-సెల్ ఫోమ్ టేపు వేయండి. చిప్‌బోర్డులో స్క్రూ రంధ్రాలు వదులైపోయి ఉంటాయి. గట్టి చెక్క పుల్లను వుడ్ గ్లూతో రంధ్రంలో దిగ్గొట్టి మళ్ళీ చిన్న రంధ్రం చేసుకుంటే మామూలు స్క్రూ పట్టుకుంటుంది. టెర్మినల్ పలక చుట్టూ, తీగలు దూరే రంధ్రాల దగ్గర మైనమో సీలెంటో పెట్టండి. అన్నీ బిగించాక 30 హెర్ట్జ్ టోన్ ఓ మాదిరి వాల్యూమ్‌లో పెట్టి అతుకుల వెంట తడి చెయ్యి తిప్పండి. గాలి కొడితే చల్లగా తగులుతుంది, పెద్ద లీకైతే బుసబుసమని వినిపిస్తుంది కూడా. మిడ్‌రేంజ్ వెనక వేరే గది ఉందో లేదో తప్పకుండా చూడండి. లేకపోతే ఊఫర్ కొట్టే గాలి దెబ్బ మొత్తం బి110 మీద పడుతుంది. అప్పుడు దాని వెనక ఓ చిన్న పెట్టె కట్టడం మీ మొదటి "అప్‌గ్రేడ్" అవుతుంది, అన్నిటికంటే విలువైనదీ అవుతుంది.

లోపల ఏం కుక్కారో చూడండి. ఆ రోజుల్లో గాజు ఉన్ని, గొర్రె బొచ్చు, ఫోమ్ ముక్కలు, ఏది దొరికితే అది పెట్టేవారు. గాజు ఉన్ని అయితే మాస్కు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. ఫోమ్ అయితే ఈపాటికి పొడై వాయిస్ కాయిల్ సందుల్లోకి చేరడానికి సిద్ధంగా ఉంటుంది, తీసి పారేయండి. బదులుగా దిండ్లలో వాడే పాలిస్టర్ ఫైబర్ చాలు. రెండు బాక్సుల్లోనూ తూకం వేసి ఒకే బరువు పెట్టండి. కుక్కుడు ఎక్కువైతే బాస్ ఉక్కిరిబిక్కిరవుతుంది.

పెట్టె గోడలు తట్టి చూస్తే డొల్లగా మోగుతున్నాయా? పక్క పలకల మధ్య అడ్డంగా ఒక కర్రముక్క, సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కగా, అతికించండి. దీనిలో రెండు సంప్రదాయాలున్నాయి. గోడలను మందంగా, బిగుతుగా చేసి వాటి మోతను పై ఫ్రీక్వెన్సీలకు నెట్టడం ఒకటి. పలచటి ప్లైవుడ్ గోడకు లోపల బిటుమెన్ పలకలు అంటించి మోతను చంపడం ఇంకొకటి, బీబీసీవారి దారి. 1977లో వారి పరిశోధన విభాగం వెలువరించిన నివేదిక ఈ రెండో పద్ధతిని కొలతలతో సమర్థించింది. మీ చిప్‌బోర్డు పెట్టె ఇప్పటికే మొదటి దారిలో ఉంది కాబట్టి కర్ర అడ్డు చాలు. రాళ్ళు, ఇసుక, కాంక్రీటు దాకా వెళ్ళేవాళ్ళను చూశాను. వినడానికి తేడా కంటే మోయడానికి తేడా ఎక్కువ.

ఇప్పుడు కెపాసిటర్లు. చర్చలన్నీ వీటిచుట్టూనే తిరుగుతాయి గనుక నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పాత బైపోలార్ (ప్లస్-మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చాలి, అందులో సందేహం లేదు. విలువ జరిగిపోయి ఉంటుంది, లోపలి రెసిస్టెన్స్ పెరిగి ఉంటుంది. మార్చేటప్పుడు బైపోలార్ అనే పదం మరిచిపోకండి, ప్లస్-మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలైటిక్ ఇక్కడ పనికిరాదు. ట్వీటర్, మిడ్ దారిలోని చిన్న విలువలకు, అంటే సుమారు 10-15 మైక్రోఫారడ్‌ల దాకా, మామూలు పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్లు వేయండి. ఊఫర్ వైపు ఉండే పెద్ద విలువలకు కొత్త బైపోలార్ ఎలక్ట్రోలైటిక్‌లే చాలు. వెండి రేకు, నూనెలో నానబెట్టిన కాగితం వంటివాటికి డబ్బు పెట్టాలా అంటే, నేను పెట్టను.

"కెపాసిటర్ మార్చగానే తెర తొలగినట్టయింది" అనే మాట వెనక ఓ చిన్న లెక్క ఉంది. పాత కెపాసిటర్‌కి 0.5 ఓమ్ లోపలి రెసిస్టెన్స్ ఉందనుకుందాం, ట్వీటర్‌ది 6.5 ఓమ్. కొత్త ఫిల్మ్ కెపాసిటర్‌కి దాదాపు సున్నా. ఆ అర ఓమ్ పోవడంతో ట్వీటర్ 0.6 డెసిబెల్ పైకి లేస్తుంది. వెలుగు పెరిగినట్టు అనిపించేది ప్రధానంగా అందుకే. అది మీకు నచ్చితే ఉంచుకోండి, నచ్చకపోతే అర ఓమ్ రెసిస్టర్ ఒకటి వరసలో పెట్టండి.

క్రాసోవర్ కాయిల్స్ మాత్రం కాలనంతవరకూ తీయకండి. తీగ మందంగా ఉంటే మంచిదన్న నమ్మకంతో ఊఫర్ దారిలోని కాయిల్ మార్చేవాళ్ళున్నారు. 6.5 ఓమ్ ఊఫర్ ముందు 0.8 ఓమ్ కాయిల్ ఉందంటే, ఆ డ్రైవర్ ఎలక్ట్రికల్ క్యూ (రెజొనెన్స్ దగ్గర కంపనం ఎంత అదుపు తప్పుతుందో చెప్పే అంకె) 12 శాతం పెరిగి ఉందని అర్థం. కాయిల్ మార్చి ఆ రెసిస్టెన్స్ తీసేస్తే బాస్ బిగుస్తుంది, కొన్నిసార్లు పలచబడుతుంది. మంచికో చెడుకో ఆ రెసిస్టెన్స్ డిజైన్‌లో భాగమే. బోర్డు మీద కాయిల్స్ ఎలా కూర్చున్నాయో మాత్రం చూడండి. రెండు కాయిల్స్ పక్కపక్కన ఒకే దిశలో ఉంటే ఒకదాని అయస్కాంత క్షేత్రం ఇంకొకదానిలోకి చేరుతుంది. దూరం జరిపి, ఒకదానికొకటి లంబంగా తిప్పండి. మధ్యలోంచి ఇనుప బోల్టు వేసి బిగించి ఉంటే ఇత్తడిదో ప్లాస్టిక్‌దో వేయండి, ఇనుము ఉన్నంతసేపూ కాయిల్ విలువ మీరనుకున్నది కాదు.

ఇక్కడికి మొదటి విడత అయింది. రెండు బాక్సులూ ఒకేలా పలుకుతున్నాయా, ఏమీ గిలకొట్టడం లేదా చూసుకుని కొన్నాళ్ళు వినండి. చాలామందికి ఇంతటితో సరిపోతుంది. గొంతులు ఇంకా గుచ్చుకుంటున్నాయంటేనే రెండో విడత. మీ విషయంలో గుచ్చుకుంటాయనే అనుకుంటున్నాను, కారణం చెప్తాను.

ఫార్ములా ఏం చెబుతుంది? 3000 హెర్ట్జ్ దగ్గర విడగొట్టాలంటే, 8 ఓమ్ ట్వీటర్‌కి సెకండ్ ఆర్డర్ బటర్‌వర్త్ అనే ప్రామాణిక ఫిల్టర్‌లో 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్, 0.6 మిల్లీహెన్రీ కాయిల్. లెక్క కచ్చితమే. కానీ అది 8 ఓమ్ రెసిస్టర్‌కి కట్టిన లెక్క, మన దగ్గరున్నది ట్వీటర్. దాని ఇంపీడెన్స్ (ఫ్రీక్వెన్సీని బట్టి మారే విద్యుత్ నిరోధం) రెజొనెన్స్ దగ్గర ఎక్కడికో లేస్తుంది, పైకి వెళ్ళేకొద్దీ మళ్ళీ పెరుగుతుంది. మిడ్, ఊఫర్‌లదీ ఇదే తీరు. ఫిల్టర్ అనుకున్నచోట కోయదు, అనుకున్నంత కోయదు. పైగా చెవికి చేరేది ఫిల్టర్ వంపు ఒక్కటే కాదు, డ్రైవర్ సహజ వంపు కూడా దానికి కలుస్తుంది. డ్రైవర్లు పలక మీద ఒకే లోతులో కూర్చోవు గనుక వాటి శబ్దాలు చెవికి చేరే సమయాల్లోనూ తేడా ఉంటుంది. ఇన్నిటిని వదిలేసి కట్టినా పాట వినిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

మొదట్లో వాయిదా వేసిన మిగతా సగం ఇదీ: బాఫిల్ స్టెప్. పై ఫ్రీక్వెన్సీలలో స్పీకర్ ముందు పలక అద్దంలా పనిచేసి శబ్దాన్ని ముందుకే పంపుతుంది. కింది ఫ్రీక్వెన్సీలలో అలల పొడవు పలకను మించిపోయి శబ్దం వెనక్కి కూడా వంగిపోతుంది. ఫలితంగా ఎదురుగా వినేవారికి కింది భాగం 6 డెసిబెల్‌ల దాకా తగ్గుతుంది. ఈ మార్పు మధ్యబిందువు ఎక్కడుంటుందో సుమారుగా తెలియాలంటే 115ని పలక వెడల్పుతో, మీటర్లలో, భాగించండి. మీ పలక 30 సెంటీమీటర్లయితే 380 హెర్ట్జ్ దగ్గర. అంటే గొంతులు పలికే పరిధిలోనే. ఈ లోటును భర్తీ చేయని స్పీకర్‌లో మిడ్‌రేంజ్ తనంతట తనే ముందుకొచ్చి నిలబడుతుంది. అప్పటి ఇంటి కట్టడాల్లో దీన్ని పట్టించుకున్నవి తక్కువ. గదిలో వెనక గోడ కొంత సాయం చేస్తుంది కాబట్టి పూర్తి 6 అక్కర్లేదు, 3 నుంచి 4 డెసిబెల్‌ల భర్తీ చాలు. ఇదంతా మిడ్, ట్వీటర్‌లను ఆ మేరకు తగ్గించడం ద్వారానే వస్తుంది కాబట్టి స్పీకర్ మొత్తంగా కాస్త నెమ్మదిస్తుంది. ఆంప్లిఫయర్‌కి బలం ఉంటే ఇబ్బంది లేదు.

పెదనాన్నగారికి దొరకని సాధనాలు ఇప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలతల సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక సౌండ్ కార్డు, ఒక రెసిస్టర్, రెండు మూడు తీగలుంటే దానితో ఇంపీడెన్స్ గ్రాఫు వస్తుంది. క్యాలిబ్రేషన్ ఫైలుతో వచ్చే మైకు ఒకటి కొంటే మిగతాది కూడా వస్తుంది. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది దాని మీదే.

మొదట ఊఫర్‌ని బాక్సులో ఉంచి ఇంపీడెన్స్ గీయండి. మూసిన బాక్సు గనుక బాస్‌లో ఒకే శిఖరం రావాలి. రెండు బాక్సుల శిఖరాలూ ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర, ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పొట్టిగా, వెడల్పుగా ఉంటే గాలి కారుతోంది. ఈ గ్రాఫు నుంచే బాక్సు క్యూ తెలుస్తుంది. 0.7 చుట్టుపక్కలైతే చక్కగా ఉన్నట్టు, 1 దాటితే బాస్ ఉబ్బరంగా ఉంటుంది. అప్పుడు ఫైబర్ కాస్త పెంచి చూడొచ్చు. బాక్సు సైజు అప్పట్లో సరిగ్గా ఎంచారా అన్న టెన్షన్ వద్దు. బాక్సు లెక్కలకు పునాది వేసిన ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో ఆస్ట్రేలియాలో రాసిన మూల వ్యాసం 1971లో అమెరికా ఆడియో ఇంజినీర్ల పత్రికలో మళ్ళీ అచ్చయ్యాకే, ఆ తర్వాత రిచర్డ్ స్మాల్ వ్యాసాలు వచ్చాకే ఈ లెక్కలు విస్తృతంగా వాడకంలోకి వచ్చాయి. అప్పట్లో సైజును ఊహతోనే ఎంచి ఉన్నా, మూసిన బాక్సు మంచిదనం ఏమిటంటే కొలతలో పదీ పదిహేను శాతం అటూ ఇటూ అయినా క్షమించేస్తుంది.

ఆ తర్వాత మైకుతో కొలత. స్పీకర్‌ని బల్లమీద పెట్టి గది మధ్యకు తీసుకురండి. ట్వీటర్, మైకు రెండూ నేలకు 1.25 మీటర్ల ఎత్తులో, మధ్య దూరం 1 మీటరు ఉంటే నేల నుంచి వచ్చే ప్రతిధ్వని 1.7 మీటర్లు ఎక్కువ ప్రయాణించి, దాదాపు 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో కొలతను అక్కడికి ముందే కత్తిరిస్తే గది ప్రభావం పోతుంది. కాకపోతే ఆ కొలత 200 హెర్ట్జ్ కింద నమ్మకూడదు. కింది భాగం కోసం మైకును ఊఫర్‌కి అంగుళం దూరంలో పెట్టి విడిగా కొలిచి, 300-400 హెర్ట్జ్ దగ్గర రెండింటినీ అతికించుకోవాలి. మూడు డ్రైవర్లనూ క్రాసోవర్ లేకుండా, నేరుగా, తక్కువ వాల్యూమ్‌లో, మైకు కదపకుండా కొలవండి. ట్వీటర్ వంతు వచ్చినప్పుడు రక్షణకు వరసలో ఓ 30 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, స్వీప్ 1000 హెర్ట్జ్ పైనుంచి మొదలుపెట్టండి. సమయ సూచన కోసం లూప్‌బ్యాక్, అంటే సౌండ్ కార్డు అవుట్‌పుట్‌ని తిరిగి దాని ఇన్‌పుట్‌కే కలిపే తీగ, వాడండి. అది లేకపోతే ఫేజు (డ్రైవర్ల అలలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో) లెక్క గాలిలో దీపమే.

ఈ గ్రాఫులన్నీ విట్యుక్స్‌క్యాడ్ అనే క్రాసోవర్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే, అదీ ఉచితమే, క్రాసోవర్‌ని తెర మీదే కట్టి ఫలితం చూసుకోవచ్చు. ముందు మీ పాత క్రాసోవర్‌ని యథాతథంగా అందులో గీయండి. గొంతుల దగ్గర గుబ్బ కనిపిస్తుంది. అప్పుడు ఒక్కో భాగం మారుస్తూ పోండి. ఉన్న కాయిల్స్‌లో చాలావరకు మళ్ళీ వాడుకునేలా గీయడం సాధ్యమే, నేను అదే ఇష్టపడతాను. లక్ష్యంగా శబ్దపరమైన (ఫిల్టర్, డ్రైవర్ వంపులు కలిసి వచ్చే) నాలుగో ఆర్డర్ లింక్‌విట్జ్-రైలీ వంపు పెట్టుకుంటే పరీక్ష తేలిక. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో రాసిన వ్యాసం నుంచి వచ్చిన పద్ధతి ఇది. కలిసేచోట ఒక డ్రైవర్ ప్లస్-మైనస్ తలకిందులు చేసి కొలిస్తే లోతైన గుంట పడాలి. 20 డెసిబెల్‌లు దాటి, రెండువైపులా సమంగా గుంట పడిందంటే ఫేజు కుదిరింది. పడకపోతే మామూలు గ్రాఫు ఎంత చదునుగా కనబడినా నమ్మకండి.

ముందు పలక గురించి రెండు మాటలు. ట్వీటర్ చుట్టూ మందంగా లేచిన గ్రిల్ ఫ్రేము ఉంటే దాని అంచులు శబ్దాన్ని చెదరగొడతాయి. ఫ్రేము తీసేసి కొలవండి, పెట్టి కొలవండి, తేడా గ్రాఫులో కనబడుతుంది. ఎల్‌ఎస్3/5ఏ లో ట్వీటర్ చుట్టూ ఫెల్ట్ అంటించింది ఈ చెదురును తగ్గించడానికే. మీరూ అంటించవచ్చు, వెనీర్‌కి హాని లేకుండా తీసేయవచ్చు కూడా.

కొత్త డ్రైవర్ల మాటకొస్తే, ట్వీటర్ నిజంగా చచ్చిపోయి, జోడీ దొరకకపోతే తప్ప వద్దు. కోలగా ఉన్న బి139 రంధ్రంలో గుండ్రటి ఊఫర్ పెట్టాలంటే పలకే మార్చాలి. ట్వీటర్ మారిస్తే రెండువైపులా మార్చాలి, దానితో ఆ భాగం క్రాసోవర్ మొత్తం మళ్ళీ గీయాలి. ఫ్రేము సైజు సరిపోయిందని పాత క్రాసోవర్‌కి కొత్త ట్వీటర్ తగిలిస్తే అది అప్‌గ్రేడ్ కాదు, లాటరీ.

డీఎస్‌పీతో (శబ్దాన్ని డిజిటల్‌గా మలిచే పరికరంతో) యాక్టివ్‌గా నడపడం ఇంకో దారి. ఒక్కో డ్రైవర్‌కి ఒక్కో ఆంప్లిఫయర్ చానెల్, క్రాసోవర్ అంతా సాఫ్ట్‌వేర్‌లో. మార్పులు నిమిషాల్లో చేసుకోవచ్చు, బాస్ కింది హద్దును లింక్‌విట్జ్ ట్రాన్స్‌ఫామ్ అనే బాస్ దిద్దుబాటుతో కిందికి జరపొచ్చు. కానీ హద్దును ఒక అష్టకం కిందికి, అంటే సగం ఫ్రీక్వెన్సీకి, జరిపితే ఆ అడుగున 16 రెట్లు పవర్ కావాలి, డయాఫ్రం నాలుగు రెట్లు కదలాలి. పాత బి139 మీద అంత భారం వేయకండి, మూడో వంతు అష్టకంతో సరిపెట్టుకోండి. ఆరు చానెళ్ళ తీగలు, పెట్టెలు, సెట్టింగులు ఇంట్లో మిగతావారు భరిస్తారా అన్నది మీరే చూసుకోవాలి. నేనైతే డీఎస్‌పీతో ప్రయోగాలు చేసి, కుదిరిన వంపులను తర్వాత పాసివ్ (కాయిల్స్, కెపాసిటర్లతో కట్టే) క్రాసోవర్‌గా కట్టుకుంటాను.

కొత్త క్రాసోవర్‌ని పాతదానిలోంచి భాగాలు పీకి కట్టకండి. మొదట బాక్సు బయట, చెక్కముక్క మీద, పొడుగు తీగలతో ఒక్క స్పీకర్‌కే కట్టి, కొలిచి, మార్పు లేని రెండోదానితో మోనోలో పోల్చి వినండి. అటూ ఇటూ మార్చుకునేటప్పుడు వాల్యూమ్ సమం చేసుకోకపోతే పెద్దగా పలికేదే బాగుందనిపిస్తుంది. కుదిరాక రెండోది కట్టండి.

ఆంప్లిఫయర్‌కి తగిలించేముందు పూర్తయిన బాక్సు ఇంపీడెన్స్‌ని 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా మరోసారి గీయండి. 8 ఓమ్ స్పీకర్ అని చెప్పుకోవాలంటే ఎక్కడా 6.4 కిందికి పోకూడదు, 4 ఓమ్ అంటే 3.2 కిందికి పోకూడదు. గుబ్బను అణచే సర్క్యూట్‌ని స్పీకర్‌కి సమాంతరంగా కట్టినవారికి ఒక్కోసారి ఏదో ఒక చోట 2 ఓమ్‌లకు పడిపోతుంది. అలా కనిపిస్తే అదే సర్క్యూట్‌ని వరసలో, కాయిల్, కెపాసిటర్, రెసిస్టర్ మూడూ సమాంతరంగా పెట్టి, మళ్ళీ గీసుకోండి. మీ ఇంపీడెన్స్ గ్రాఫులు, పాత బోర్డు ఫోటో పంపిస్తే క్రాసోవర్ విలువల దగ్గర నేనూ ఓ చెయ్యి వేస్తాను.